ఎంత ఇవ్వాలి? – జకాత్ పరిమాణంపై ధర్మవేత్తల చర్చ, దాని చరిత్ర

జకాత్ ఎవరిపై విధి అవుతుంది, ఎంత ఆస్తి ఉంటే విధి అవుతుంది, అందులో ఎన్నో వంతు తీయాలి అన్న ప్రశ్నలకు అంతగా చదువుకోని ముస్లిం సైతం తడుముకోకుండా సమాధానం చెప్పగలడు. 7.5 తులాల బంగారం, 52.5 తులాల వెండి, 40లో ఒక వంతు అన్న లెక్కలు తరతరాలుగా నోటికి వచ్చినవే. కాని వీటి ప్రక్కనే మరొక ప్రశ్న ఉంది. తీసిన ఆ సొమ్ములో ఒక్కొక్క పేదవాడికి ఎంత ఇవ్వాలి? ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ. అడిగినా “ఎంత ఇస్తే అంత పుణ్యం” అన్న మాటతో సరిపెట్టేవారే ఎక్కువ.

రమజాన్ నెల చివరి పది రోజులలో సంపన్నుల ఇళ్ళ ముందు బారులు తీరే జనాన్ని చూసినప్పుడు ఈ ప్రశ్న ఎంత ముఖ్యమైనదో తెలుస్తుంది. ఒక్కొక్క చేతిలో ఒక్కొక్క నోటు పడుతుంది. ఆ రోజుకు పొయ్యి వెలుగుతుంది. మరుసటి రమజానులో అవే చేతులు, అదే వాకిట, అదే వరుసలో కనిపిస్తాయి. ఇచ్చినవాడి విధి నెరవేరింది. పుచ్చుకున్నవాడి పేదరికం మాత్రం ఉన్నచోటనే ఉంది.

ఇది నేటి కాలపు సమస్య మాత్రమే అనుకోవడం పొరపాటు. హిజ్రీ మొదటి శతాబ్ది నుండే ఖలీఫాలు, ధర్మవేత్తలు (ఫుకహా) దీనిని గురించి ఆలోచించారు. ఆ పూటకు సరిపడా ఇవ్వాలా, ఏడాదికి సరిపడా ఇవ్వాలా, మళ్ళీ చేయి చాచనవసరం లేనంతగా ఇవ్వాలా అని తర్కించారు. ఆ చర్చ చరిత్రను తెలుసుకుంటే జకాత్ దారిద్ర్య నిర్మూలనకు ఎంతవరకు సాధనం కాగలదో, ఎక్కడ ఆగిపోతుందో స్పష్టమవుతుంది.

పునాది

దివ్య ఖుర్ఆన్ తొమ్మిదవ సూరా (అత్‌తౌబా) 60వ ఆయత్‌లో జకాత్‌కు ఎనిమిది పద్దులు నిర్ణయించబడ్డాయి: ఫకీర్లు, మిస్కీన్లు, జకాత్ వసూలుకు నియమితులైన ఉద్యోగులు, హృదయాలను చేరదీయవలసినవారు, బానిసల విముక్తి, రుణగ్రస్తులు, దైవమార్గం, బాటసారులు. ఈ జాబితాలో రెండు విషయాలు గమనార్హం. మొదటిది, వసూలు చేసే ఉద్యోగి జీతం కూడా ఈ నిధి నుండే ఇవ్వాలని ఉంది. అనగా జకాత్ ఇచ్చేవాని ఇష్టానికి విడిచిపెట్టిన దానం కాదు, దానికి ఒక యంత్రాంగం ఉండాలన్నది మొదటి నుండీ ఉన్న ఉద్దేశం. రెండవది, బానిస విముక్తి, రుణవిముక్తి ఇందులో చేరాయి. బానిసకు ఒక పూట అన్నం పెడితే బానిసత్వం పోదు. అతని వెల మొత్తం చెల్లించాలి. రుణగ్రస్తుని అప్పులో పావలా వంతు తీర్చినంత మాత్రాన అప్పులవాడు వాకిలి విడువడు. ఈ పద్దులు తమ స్వభావరీత్యానే పూర్తి పరిష్కారాన్ని కోరుతున్నాయి.

దైవప్రవక్త ముహమ్మద్ (స) జీవితంలోని ఒక ఉదంతం సునన్ అబూ దావూద్‌లో ఉంది. అన్సారులలో ఒక వ్యక్తి సహాయం కోరి వచ్చాడు. ఇంట్లో ఏమున్నదని ప్రవక్త విచారించగా ఒక గుడ్డ, ఒక నీటి పాత్ర ఉన్నాయని తెలిసింది. ఆ రెంటినీ తెప్పించి, అక్కడే వేలం వేసి, 2 దిర్హములకు అమ్మించారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి కొనమని, రెండవ దానితో గొడ్డలి కొని తెమ్మని చెప్పారు. ఆ గొడ్డలికి స్వహస్తాలతో పిడి తొడిగి, కట్టెలు కొట్టి అమ్ముకొమ్మని, 15 రోజుల దాకా తమకు కనిపించవద్దని ఆదేశించారు. ఆ వ్యక్తి తిరిగి వచ్చేనాటికి 10 దిర్హములు సంపాదించి ఉన్నాడు. ఇది జకాత్ సొమ్ము కాదు. అయినప్పటికీ తరువాతి ధర్మవేత్తలు పదే పదే చూసిన ఆదర్శం ఇందులో ఉంది: ఆకలి తీరడానికి ఒక దిర్హము, ఆకలి మళ్ళీ రాకుండా ఉండడానికి ఒక దిర్హము.

మదీనా నుండి యమన్ వరకు

తొలి కాలపు ఆర్థిక వ్యవహారాలకు ముఖ్యమైన ఆధారం అబూ ఉబైద్ అల్ ఖాసిం బిన్ సల్లామ్ రచించిన ‘కితాబుల్ అమ్వాల్’. హిరాత్‌లో పుట్టిన అబూ ఉబైద్ (మరణం హి. 224, క్రీ.శ. 838) తర్సూస్ పట్టణంలో చాలాకాలం ఖాజీగా పనిచేశారు. జకాత్, జిజ్యా, ఖరాజ్ మొదలైన రాబడులను గురించిన ఉల్లేఖనాలను ఆయన ఒకచోట చేర్చి, వాటిని బేరీజు వేసి, తన అభిప్రాయం చెప్పారు.

అందులోని ఒక ఉల్లేఖనం ప్రకారం హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) యమన్‌లో ఉండి, హజ్రత్ ఉమర్ (రజి)కు ఆ ప్రాంతపు జకాత్‌లో మూడవ వంతు పంపారు. ఉమర్ (రజి) సంతోషించడానికి బదులు ఆక్షేపించారు. పన్నులు దండుకొమ్మని పంపలేదనీ, అక్కడి సంపన్నుల వద్ద తీసుకొని అక్కడి పేదలకే ఇవ్వమని పంపాననీ గుర్తు చేశారు. తీసుకునేవాడు ఒక్కడు దొరికినా పంపి ఉండేవాడిని కానని ముఆజ్ (రజి) జవాబిచ్చారు. మరుసటి ఏడు సగం వచ్చింది. మూడవ ఏడు మొత్తం జకాత్ వచ్చింది. ప్రతిసారీ అదే ఆక్షేపణ, అదే జవాబు.

చరిత్రకారుడు ఈ కథనాన్ని కొంత జాగ్రత్తగా స్వీకరించాలి. దీనిని చెప్పిన అమ్ర్ బిన్ షుఐబ్ ముఆజ్ (రజి)ను చూసినవారు కారు, ఆయన తరువాతి తరాలకు చెందినవారు. పైగా ముఆజ్ (రజి) హి. 18 (క్రీ.శ. 639)లో సిరియాలో అమ్వాస్ ప్లేగులో మరణించారు. కనుక యమన్‌లో పేదలెవరూ మిగలలేదని దీని ఆధారంగా తీర్మానించడం కష్టం. అయితే ఒక సంగతి మాత్రం ఇందులో నిస్సందేహంగా కనిపిస్తుంది. జకాత్ వసూలైన చోటనే ఖర్చు కావాలనీ, రాజధానికి సొమ్ము చేరడం పరిపాలనకు గొప్ప కాదనీ, తీసుకునేవారు తగ్గిపోవడమే గొప్ప అనీ ఆ తరాల వారు భావించారు. ఒక సమాజం ఎటువంటి కథలను దాచుకొని చెప్పుకున్నదో అదీ చరిత్రే.

ఉమర్ (రజి) విధానాన్ని తెలిపే మరొక ఉల్లేఖనం కూడా ఆ గ్రంథంలోనే ఉంది. ఇచ్చేటప్పుడు పుచ్చుకున్నవాడు కలవాడయ్యేటట్లు ఇవ్వాలని ఆయన అభిప్రాయం. ఒక్కొక్కరికి వంద ఒంటెలు చేరినా సరే, మళ్ళీ మళ్ళీ ఇవ్వాలని జకాత్ ఉద్యోగులకు చెప్పినట్లు ఉంది. అబూ ఉబైద్ ఈ పక్షాన్నే సమర్థించారు. ఇల్లు లేని కుటుంబానికి జకాత్ సొమ్ముతో ఇల్లు కొనిపెట్టిన ధనికుడు, లేదా బట్టలు లేనివారిని చలి నుండి కాపాడేందుకు పెద్ద మొత్తం వెచ్చించినవాడు తప్పు చేసినవాడు కాదని ఆయన వాదన.

ఉమర్ (రజి) కాలంలోనే జకాత్ పరిమితి కూడా బయటపడింది. హి. 18లో హిజాజ్ ప్రాంతాన్ని పీడించిన కరువుకు ‘బూడిద సంవత్సరం’ అని పేరు. పశువులు చచ్చాయి, ఎడారి తెగలు మదీనా చుట్టూ చేరాయి. ఆ ఏడు ఉమర్ (రజి) జకాత్ వసూలు ఆపివేశారు. వర్షాలు పడిన తరువాత రెండేళ్ళ జకాత్ ఒకేసారి వసూలు చేయించి, ఒక ఏటిది అక్కడికక్కడే పంచి, రెండవ ఏటిది తెమ్మన్నారు. కరువు కాలంలో ప్రజలను బ్రతికించింది సిరియా వంటి ప్రాంతాల నుండి తెప్పించిన ధాన్యం. జకాత్ సంపద నుండి పుట్టేది. సంపద ఎండిపోయిన ఏడు అదీ ఎండిపోతుంది. అవసరం ఎక్కువైనప్పుడే రాబడి తక్కువవుతుంది. కాబట్టి జకాత్ ఒక్కటే రాజ్యం బాధ్యతలన్నింటికీ ప్రత్యామ్నాయం కాజాలదన్న పాఠం తొలి తరంలోనే అనుభవానికి వచ్చింది.

రెండవ ఉమర్ కాలం

ఉమయ్యద్ ఖలీఫా హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) హి. 99 నుండి 101 వరకు (క్రీ.శ. 717–720) పాలించారు. రెండున్నర ఏళ్ళు కూడా నిండని ఆ పాలనను గురించి ఎన్నో కథనాలు ప్రచారంలో ఉన్నాయి. వాటిలో ప్రసిద్ధమైనది ఈజిప్టు పండితుడు ఇబ్ను అబ్దుల్ హకమ్ వ్రాసిన ఖలీఫా జీవిత చరిత్రలో ఉంది. ఉత్తర ఆఫ్రికాకు జకాత్ వసూలుకు వెళ్ళిన యహ్యా బిన్ సయీద్‌కు దానిని పుచ్చుకునే పేదవాడు దొరకలేదు. అప్పుడాయన ఆ సొమ్ముతో బానిసలను కొని విడుదల చేశారు.

ఉపన్యాసాలలో ఈ కథనం తరచుగా వినిపిస్తుంది. ఇంత కొద్ది కాలంలో ఒక విశాల భూభాగం నుండి పేదరికం పూర్తిగా తొలగిపోయిందని నమ్మడం కష్టమే. అయితే ఆ కథనంలోని యహ్యా ఏమి చేశారో గమనించాలి. ఒక పద్దుకు అర్హులు కనిపించకపోతే సొమ్మును ఖజానాకు మళ్ళించలేదు. ఎనిమిది పద్దులలోనే మరొక పద్దుకు, విముక్తి పద్దుకు, వినియోగించారు.

ఖలీఫా ఆలోచనను ఇంతకంటే స్పష్టంగా చూపే ఉత్తరాల పరంపర కితాబుల్ అమ్వాల్‌లో ఉంది. ఇరాక్‌లోని ఆయన అధికారి అబ్దుల్ హమీద్ బిన్ అబ్దుర్రహ్మాన్‌కు మొదట ప్రజల భత్యాలు చెల్లించమని ఆజ్ఞ వచ్చింది. చెల్లించాను, ఇంకా సొమ్ము మిగిలిందని ఆయన వ్రాశారు. దుబారాకు గాక అవసరానికి అప్పు చేసినవారి రుణాలు తీర్చమని జవాబు వచ్చింది. తీర్చాను, ఇంకా మిగిలిందన్నారు. పెళ్ళి చేసుకోవాలని ఉండీ స్తోమత లేని యువకులకు వివాహాలు చేయించమని ఆజ్ఞ. అదీ చేశాను, ఇంకా ఉన్నదన్నారు. చివరకు, జిజ్యా చెల్లించే ముస్లిమేతర రైతులలో భూమి సాగు చేసుకోలేనంత బలహీనంగా ఉన్నవారికి సాగు పెట్టుబడిగా అప్పు ఇవ్వమని, దానిని ఒకటి రెండేళ్ళ వరకు తిరిగి అడగనవసరం లేదని వ్రాశారు.

ఇది బైతుల్ మాల్‌కు చెందిన సొమ్మే గాని కేవలం జకాత్ పద్దు కాదు. అయితే ఆజ్ఞల వరుసలో ఒక క్రమం ఉంది. ముందు హక్కుగా రావలసినది, తరువాత అప్పుల నుండి విడుదల, తరువాత సంసారం నిలబెట్టడం, ఆ తరువాత ఉత్పత్తికి పెట్టుబడి. చివరి మెట్టులో సహాయం మతాన్ని దాటి నాగలి పట్టిన రైతు దగ్గరకు వెళ్ళింది.

ఆ తరువాత సుమారు ఏడు దశాబ్దాలకు ఖాజీ అబూ యూసుఫ్ (మరణం హి. 182, క్రీ.శ. 798) ఖలీఫా హారూన్ రషీద్ కోసం ‘కితాబుల్ ఖరాజ్’ వ్రాశారు. జకాత్ వసూలుకు నమ్మకస్తులైన వేరే ఉద్యోగులను నియమించాలని, భూమిశిస్తు సొమ్ములో జకాత్ సొమ్మును కలపరాదని ఆయన గట్టిగా చెప్పారు. ఈ హెచ్చరిక అవసరమైందంటే కలపడం జరుగుతుండేదన్నమాట. పేదల సొమ్ము పేదలకు చేరాలంటే దాని లెక్క వేరుగా ఉండాలన్నది ఆ కాలంలోనే అనుభవపూర్వకంగా తెలిసిన విషయం.

మూడు సమాధానాలు

ఒక పేదవానికి ఎంత ఇవ్వాలన్న ప్రశ్నకు ఫిఖహ్ గ్రంథాలలో ప్రధానంగా మూడు సమాధానాలు కనిపిస్తాయి.

మొదటిది హనఫీ పక్షం. ఒక వ్యక్తికి 200 దిర్హములు లేదా అంతకు మించి ఇవ్వడం మక్రూహ్ (అనభిలషణీయం) అని మర్గీనానీ (మరణం హి. 593, క్రీ.శ. 1197) రచించిన ‘హిదాయా’ చెబుతుంది. కారణం సుబోధకమే. 200 దిర్హములు ఉన్నవాడు నిసాబ్‌కు యజమాని అవుతాడు, అనగా తానే జకాత్ ఇవ్వవలసినవాడవుతాడు. అయితే ఇదే గ్రంథం కొద్ది కొద్దిగా చాలామందికి చల్లడం కంటే ఒక మనిషిని ఆ రోజుకు యాచన నుండి తప్పించేంత ఇవ్వడమే ఇమామ్ అబూ హనీఫా (రహ్మ)కు ఇష్టమని కూడా చెబుతోంది. ఈ రెండవ భాగాన్ని గుర్తుంచుకున్నవారు తక్కువ.

రెండవది మాలికీ ధర్మవేత్తలలోను, హంబలీలలో పలువురిలోను కనిపించే పక్షం. పేదవానికి, అతని కుటుంబానికి ఒక ఏడాదికి సరిపడేంత ఇవ్వాలి. జకాత్ ఏడాదికొకసారి వచ్చేది గనుక ఏడాదే కొలత. దైవప్రవక్త (స) తమ కుటుంబానికి ఏడాది గ్రాసం నిల్వ చేసిన సంగతి వీరికి ఆధారం. ఇమామ్ గజ్జాలీ (మరణం హి. 505, క్రీ.శ. 1111) షాఫయీ అయినప్పటికీ ‘ఇహ్యా’లో ఈ మధ్యేమార్గం వైపు మొగ్గు చూపారు.

మూడవది షాఫయీ పక్షం. దీనిని అత్యంత వివరంగా చెప్పినవారు దమాస్కస్‌లో బోధించిన ఇమామ్ నవవీ (క్రీ.శ. 1233–1277). ‘అల్ మజ్మూ’ గ్రంథంలో ఆయన ఇచ్చిన వివరణ ఒక బజారు పట్టికలా ఉంటుంది. చేతిపని వచ్చినవానికి ఆ పనిముట్లు కొనేంత ఇవ్వాలి, వాటి వెల తక్కువైనా ఎక్కువైనా సరే. వర్తకునికి ఆ వర్తకం సాగేంత పెట్టుబడి ఇవ్వాలి. కూరలమ్మేవానికి 5 లేదా 10 దిర్హములు చాలు. రత్నాల వర్తకునికి 10,000 దిర్హములు లేనిదే పని సాగకపోతే అంతా ఇవ్వవచ్చు. రొట్టెలవాడు, అత్తరు వర్తకుడు, నాణేలు మార్చే సరాఫు, దర్జీ, వడ్రంగి, కసాయి – ఎవరి వృత్తికి తగినంత వారికి. ఏ వృత్తీ చేయలేని వానికి సాధారణ మనిషి ఆయుర్దాయం చివరి వరకు సరిపడేటట్లు చూడాలి. దానికి కూడా నగదు చేతికిచ్చి పంపించనక్కరలేదని, ఆదాయం వచ్చే స్థిరాస్తి కొనిపెట్టవచ్చని షాఫయీలు వివరించారు. మూడు శతాబ్దాల తరువాత ఈజిప్టు పండితుడు షమ్సుద్దీన్ రమ్లీ (మరణం క్రీ.శ. 1596) ఈ విషయాన్నే నొక్కి చెప్పారు.

వీరికి ఆధారం సహీహ్ ముస్లింలోని ఖబీసా (రజి) హదీసు. అందులో యాచన ధర్మసమ్మతమైన సందర్భాలను పేర్కొంటూ, జీవనానికి ఆధారం ఏర్పడే వరకు అన్న హద్దు చెప్పబడింది. ఒక పూట తిండి జీవనానికి ఆధారం కాదని, ఆధారమంటే రేపు కూడా నిలిచి ఉండేదని షాఫయీలు అర్థం చేసుకున్నారు.

ఈ మూడు పక్షాలను పరస్పర శత్రువులుగా చూడనవసరం లేదు. నవవీ పట్టిక అమలు కావాలంటే చేతిలో నిండైన నిధి ఉండాలి, అది ఒక్క చేతి మీదుగా పంపిణీ కావాలి. హనఫీల హద్దు, తన కొద్దిపాటి జకాత్‌ను తానే పంచుకునే వ్యక్తికి సరిపోయే హద్దు. ఉన్న సొమ్మంతా ఒక్కరికే ఇస్తే ప్రక్కింటివాడు పస్తుండే ప్రమాదం వారి దృష్టిలో ఉంది. పరిస్థితి ఏదన్నదే ప్రశ్న.

చిల్లరగా మారిన వైనం

కాలక్రమంలో జకాత్ నిధి ఒక్క చేతిలో ఉండడమన్నది చాలా ప్రాంతాలలో పోయింది. హనఫీ గ్రంథాలు చెబుతున్న దాని ప్రకారం హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలం నుండే బంగారం, వెండి, నగదు వంటి ‘గుప్త సంపద’ జకాత్‌ను యజమానులే స్వయంగా పంచుకునేందుకు విడిచిపెట్టారు. పశువులు, పంటలు, దారి వెంట సాగే సరుకుల వంటి ‘బహిరంగ సంపద’ జకాత్ మాత్రం ప్రభుత్వం తీసుకొనేది. సంపద నగరాలలో నగదుగా మారినకొద్దీ గుప్త సంపద పెరిగింది. దానితోపాటు జకాత్‌లో ఎక్కువ భాగం వ్యక్తుల చేతుల్లోకి వెళ్ళింది.

ప్రభుత్వం తీసుకున్న భాగం గతి కూడా ఆశాజనకంగా లేదు. హిందూస్థానంలో సుల్తానుల, మొగలుల కాలంలో జకాత్ అన్న పేరు పలుచోట్ల వర్తకుల సరుకుపై సుంకానికి తగిలింది. ఔరంగజేబు 1665లో ముస్లిం వర్తకుల సరుకుపై నూటికి 2.5, హిందూ వర్తకుల సరుకుపై నూటికి 5 చొప్పున సుంకం నిర్ణయించి, 1667లో ముస్లిములకు దానిని రద్దు చేశారు. 2.5 అన్న అంకె జకాత్ నుండి వచ్చింది. కాని అది చేరినది సుంకాల ఖాతాకు, ఎనిమిది పద్దులకు కాదు. అబూ యూసుఫ్ హెచ్చరించినది ఇటువంటి కలయికనే.

బ్రిటిషు పాలనలో జకాత్ పూర్తిగా వ్యక్తిగత వ్యవహారం అయింది. చార్లెస్ హామిల్టన్ హిదాయాను 1791లో ఇంగ్లీషులో ప్రచురించినప్పటికీ, కంపెనీ న్యాయస్థానాలకు కావలసినది వారసత్వం, వివాహం, వక్ఫు వంటి విషయాలే. జకాత్ వసూలుకు ఉద్యోగి లేడు, రిజిష్టరు లేదు, ఎవరికి ఎంత అందిందో చూసేవాడు లేడు. నవవీ చెప్పిన వృత్తుల పట్టిక మదరసాలలో పాఠంగా మిగిలింది. వాకిటి ముందు చిల్లర ఆచారంగా నిలిచింది.

ఇరవయ్యవ శతాబ్ది ప్రయోగాలు

వలస పాలన ముగిసిన తరువాత పలు దేశాలలో జకాత్‌ను మళ్ళీ వ్యవస్థీకరించే ప్రయత్నాలు జరిగాయి. వాటిలో రెండింటిని పోల్చి చూడడం ఉపయోగకరం.

పాకిస్తాన్‌లో 1980 జూన్ 20న జకాత్, ఉష్ర్ ఆర్డినెన్సు అమలులోకి వచ్చింది. రమజాన్ మొదటి రోజున బ్యాంకుల పొదుపు ఖాతాల నుండి నూటికి 2.5 వంతు ప్రభుత్వమే మినహాయించే పద్ధతి ఏర్పడింది. కేంద్రం నుండి గ్రామం, మహల్లా వరకు కమిటీలు వెలిశాయి. వసూలు యంత్రాంగం దృష్ట్యా ఇది పెద్ద ప్రయత్నమే. కాని ఆదిలోనే చిక్కులు వచ్చాయి. తమ ఫిఖహ్ ప్రకారం ప్రభుత్వం ఈ విధంగా వసూలు చేయడం చెల్లదని షియాలు 1980 జులైలో ఇస్లామాబాద్‌లో పెద్ద ఎత్తున నిరసన తెలుపగా వారికి మినహాయింపు ఇవ్వవలసి వచ్చింది. రమజాన్‌కు ముందు ఖాతాలలోని సొమ్ము తీసివేసుకొని, పండుగ తరువాత మళ్ళీ వేసుకోవడం పలువురికి అలవాటయింది. పంపిణీలో పెద్ద పద్దు ‘గుజారా’ భత్యం, అనగా పేదలకు ఇచ్చే చిన్నపాటి జీవనభృతి. నిధి ఒక్క చేతికి వచ్చింది గాని ఇచ్చేటప్పుడు మళ్ళీ చిన్న చిన్న ముక్కలయింది. 2010 రాజ్యాంగ సవరణ తరువాత ఈ వ్యవహారం రాష్ట్రాలకు బదిలీ అయింది.

ఇండోనేషియా మార్గం వేరు. అక్కడి ముస్లిములలో అత్యధికులు షాఫయీలు, నవవీ గ్రంథాలు అక్కడి విద్యాలయాలలో చిరకాలంగా చదువుతున్నవే. 1982 ఫిబ్రవరిలో ఇండోనేషియా ఉలమా మండలి జకాత్ నిధిని ఉత్పాదక కార్యాలకు, ప్రజాహితానికి వినియోగించవచ్చని ఫత్వా ఇచ్చింది. 1999లో జకాత్ నిర్వహణ చట్టం వచ్చింది. 2001లో జాతీయ జకాత్ సంస్థ ఏర్పడింది. 2011లో కొత్త చట్టం వచ్చింది. చిన్న వ్యాపారానికి పెట్టుబడి, పశువుల పంపిణీ, వృత్తి శిక్షణ వంటివి అక్కడ జకాత్ కార్యక్రమాలలో చేరాయి. ఇండోనేషియాలో పేదరికం తీరిపోలేదు. అయితే నవవీ అడిగిన ప్రశ్న – ఇతనికి ఏ పని వచ్చు, ఆ పనికి ఏమి కావాలి – అక్కడ అధికారిక పత్రాలలోకి తిరిగి ప్రవేశించింది.

ఇదే కాలంలో 1986 అక్టోబరులో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ, జకాత్ నిధిని అర్హుల యాజమాన్యంలోకి చివరకు చేరే ప్రాజెక్టులలో పెట్టవచ్చని, అయితే ముందు తక్షణావసరాలు తీరాలని తీర్మానించింది. గొడ్డలి ఉదంతంలోని రెండు దిర్హములు ఈ తీర్మానంలో మళ్ళీ కనిపిస్తాయి.

దక్కనులో

దక్కను ముస్లిములలో అధికులు హనఫీలు. హైదరాబాద్ బార్కస్ ప్రాంతంలో స్థిరపడిన హజ్రమీ అరబ్బుల వంటి షాఫయీ సముదాయాలు కూడా ఉన్నాయి. ఈ నేలపై ఈ చర్చకు కొత్త వారధి వేసినవారిలో డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) ఒకరు. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, దీర్ఘకాలం పారిస్‌లో నివసించిన ఆయన, హైదరాబాద్‌లో వెలిసిన వడ్డీ లేని రుణ సంఘాలను గురించి ప్రత్యేకంగా వ్రాశారు. ఎనిమిది పద్దులలోని రుణగ్రస్తుల పద్దు నుండి వడ్డీ లేని అప్పులు ఇవ్వవచ్చని ఆయన అభిప్రాయం. వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కకుండా పేదవానిని కాపాడడం కూడా ఆ పద్దు ఉద్దేశంలో భాగమేనని ఆయన భావన.

హనఫీ పండితులలో పలువురు దీనిని అంగీకరించరు. జకాత్ చెల్లాలంటే సొమ్ముకు పేదవానిని సంపూర్ణ యజమానిని చేయాలని (తమ్లీక్) వారి నియమం. తిరిగి తీసుకునే అప్పు యాజమాన్యం కాదు. ఇది బలమైన ఆక్షేపణే. అయితే ఈ నియమం నవవీ చెప్పిన పనిముట్లకు అడ్డు రాదు. ఒక విధవరాలికి కుట్టుమిషను, ఒక కూరగాయల వ్యాపారికి తోపుడుబండి పూర్తిగా సొంతం చేసి ఇచ్చినప్పుడు తమ్లీక్ షరతు అక్షరాలా నెరవేరుతుంది. పైగా వృత్తి పనిముట్లు మనిషి మూల అవసరాలలో చేరుతాయని, నిసాబ్ లెక్కలోకి రావని హనఫీ గ్రంథాలే చెబుతున్నాయి.

200 దిర్హముల హద్దు మాటేమిటి? ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. ఒక మహల్లాలో 10 మంది వద్ద తలకు 2,00,000 రూపాయల పొదుపు ఉన్నదనుకుందాం. ఒక్కొక్కరి జకాత్ 5,000, మొత్తం 50,000. వంద రూపాయల నోట్లుగా పంచితే 500 చేతులకు అందుతుంది, ఎవరి స్థితీ మారదు. అదే సొమ్ము ఒకచోట చేర్చి 10,000 చొప్పున ఇస్తే 5 కుటుంబాలకు పెట్టుబడి అవుతుంది. 200 దిర్హములంటే 612 గ్రాముల వెండి. నేటి ధరలో దాని విలువ ఈ 10,000 కంటే ఎన్నో రెట్లు. అంటే అన్నింటికంటే తక్కువ హద్దు పెట్టిన పక్షాన్ని అనుసరించినా, వాకిట పంచే చిల్లరకు, ధర్మం అనుమతించే మొత్తానికి మధ్య చాలా ఖాళీ ఉంది. ఆ ఖాళీని సృష్టించినది ఫిఖహ్ కాదు, అలవాటు.

ఆ పది మంది ఒకచోట కూర్చోకపోవడానికి కారణాలు లేకపోలేదు. ఎవరి సొమ్ము వారి చేత్తో ఇస్తే తృప్తి. కమిటీపై నమ్మకం తక్కువ. ఇంటికి వచ్చినవానిని వట్టి చేతులతో పంపడం కష్టం. ఈ భయాలకు పూర్వులు చెప్పిన జాగ్రత్తలే జవాబు. అబూ యూసుఫ్ అడిగిన నమ్మకస్తుడైన ఉద్యోగి, వేరు లెక్క కావాలి. అకాడమీ చెప్పినట్లు ముందు ఆకలికి ఒక భాగం తీసిపెట్టాలి. వృద్ధులకు, రోగులకు, పని చేయలేనివారికి ఏటా ఇచ్చే భాగం ఎప్పుడూ ఉంటుంది, దానిని తగ్గించరాదు. మిగిలిన దానితో ఏటా కొన్ని కుటుంబాలనైనా ఎంచుకొని, వారికి ఏ పని వచ్చునో అడిగి, ఆ పనికి కావలసినంత ఇవ్వాలి. మూడేళ్ళ తరువాత వారు ఎలా ఉన్నారో వెళ్ళి చూడాలి.

జకాత్ లెక్కల పుస్తకంలో సాధారణంగా రెండు గడులు ఉంటాయి: ఎంత వచ్చింది, ఎంతమందికి ఇచ్చారు. యమన్ ఉల్లేఖనం, నవవీ పట్టిక ఈ రెండూ మూడవ గడిని కోరుతున్నాయి: నిరుడు పుచ్చుకున్నవారిలో ఈ ఏడు ఎంతమంది రానవసరం లేకపోయింది? ఆ గడిలో మొదటి ఏడు ఒక్క కూరగాయల వ్యాపారి పేరు వ్రాయగలిగినా, ఆ మహల్లా జకాత్ తన పని మొదలు పెట్టినట్లే.